శీలావతి ముల్లుకి ఏ చిమ్టా?

వంటింటి శీర్షిక: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల చేపల పులుసు గురించి రాస్తూ, ఆఖర్న "ముళ్లు తీసే చిమ్టా ఒకటి దగ్గర పెట్టుకుంటే మంచిది" అని ఒక్క ముక్క అన్నాను. పులుసు సంగతి ఎవరూ అడగలేదు. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ చిమ్టా గురించే. తప్పు నాదే, ఏ చేపకో చెప్పకుండా వదిలేశాను. అందుకని ఈసారి చోటంతా ముళ్లకే ఇచ్చేస్తున్నాను. సాంబారు పొడి నిలవ గురించి అడిగిన చీపురుపల్లి సోదరి ఒక్క నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా పిల్లలకి ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. చేపంటే ఇష్టమే గానీ ముల్లంటే భయం. ఆన్‌లైన్‌లో చూస్తే ముళ్లు తీసే చిమ్టాలు 90 రూపాయల నుంచి 900 దాకా ఉన్నాయి. చూసి చూసి బుర్ర తిరిగిపోతోంది. ఏది కొనమంటారు? మాకు ఎక్కువగా దొరికేవి శీలావతి, బొచ్చె.
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదివాక నేను చెప్పాల్సింది ఒకటే మిగిలింది. శీలావతికి, బొచ్చెకి 90 రూపాయల చిమ్టా అయినా 900 రూపాయలదైనా ఒకటే. రెండూ దండగ.

కోపం తెచ్చుకోకండి, నేనూ ఆ డబ్బు పోగొట్టుకున్నదాన్నే. విజయనగరంలో గంటస్తంభానికి నాలుగు వీధుల అవతల ఇరవై రెండేళ్లు భోజనాల మెస్ నడిపాను. కానీ ముళ్ల గొడవ నాకు మెస్‌లో పట్టలేదు, ఇంట్లో పట్టింది. మా మావయ్య నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. డ్యూటీ దిగొచ్చి శీలావతి పులుసుతో అన్నం తినడం ఆయనకి ముప్ఫై ఏళ్ల అలవాటు. డెబ్బై దాటాక పళ్లసెట్టు పెట్టించుకున్నారు. పైసెట్టు అంగిలిని కప్పేస్తుంది కదా, దాంతో నోట్లో ముల్లు ఉందో లేదో తెలియడం మానేసింది. అంతకుముందు నాలుకతోనే ముల్లు ఏరి కంచం అంచున వరసగా పేర్చే మనిషి, రెండుసార్లు గొంతులో గుచ్చుకుని డాక్టరు దగ్గరికి వెళ్లారు. రెండోసారి ఇంటికొచ్చాక, "ఇంక నాకు చేప వద్దులేమ్మా" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. మర్నాడే వెళ్లి మెరిసిపోయే చిమ్టా కొనుక్కొచ్చి, కిలోన్నర శీలావతి ముందేసుకుని కూర్చున్నాను. గంటన్నర తర్వాత నా దగ్గర పదకొండు ముళ్లు, ఒక గిన్నెడు పీచులయిన చేప ఉన్నాయి. మిగతా ముళ్లన్నీ ఆ పీచులోనే ఉన్నాయి.

ఎందుకో తర్వాత అర్థమైంది. శీలావతి, బొచ్చె, గడ్డిచేప, ఇవన్నీ కార్పు జాతివి. వీటికి నడిమి ముల్లు, పక్కటెముకలు కాక కండ మధ్యలో విడిగా సన్నటి ముళ్లుంటాయి. అవి నడిమి ముల్లుకి అతుక్కుని ఉండవు, కండలో తేలుతుంటాయి. ఒక చేపలో మొత్తం మీద వందకి అటూ ఇటూ ఉంటాయి. పైగా చాలావాటి కొస రెండుగా చీలి, పిల్లలు ఉండేలు చేసుకునే పంగలకర్రలా ఉంటుంది. చిమ్టాతో ఒక కొస పట్టి లాగితే రెండో కొస కండని చీల్చుకుంటూ వస్తుంది, లేదా మధ్యలో విరిగి సగం లోపలే ఉండిపోతుంది. విరిగిన ముల్లు మొత్తం ముల్లు కంటే ప్రమాదం, వేలికి తగలదు.

ఆన్‌లైన్‌లో మీరు చూసిన చిమ్టాలు సాల్మన్ లాంటి చేపల కోసం పుట్టినవి. సాల్మన్‌కి ముళ్లు చీలి ఉండవు. ఒక్కో పక్క ముప్ఫై దాకా, దువ్వెన పళ్లలా ఒకే వరసలో ఉంటాయి. అమెరికాలో ఉన్న మా అమ్మాయి పది నిమిషాల్లో తీసేసి నాకు వీడియో పెడుతుంది. దాని చేప వేరు, మన చేప వేరు.

మరి శీలావతిని ఏం చేయాలి? మొదట అడగాల్సింది చిమ్టా గురించి కాదు, చేప కోసే అప్పని అడగాలి. మన బజారులో అడగకపోతే అడ్డంగా ముక్కలు కొట్టి కవర్లో వేసేస్తారు. అడ్డ ముక్కలో ఒక్కో ముల్లు రెండు మూడు తుంటలైపోతుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు చిమ్టా పట్టుకొచ్చినా లాభం లేదు. నేనొకసారి శ్రీకాకుళంలో ముళ్లు లేకుండా కోసివ్వమని అడిగితే, "ఏటమ్మా, ముల్లు లేకుండా తినాలంటే సేపెందుకు, ఆనపకాయ కొనుక్కెళ్లు" అంది ఒకావిడ. కోయడం మాత్రం అద్భుతంగా కోసింది. కత్తిపీట ముందు కూర్చుని, తోక దగ్గర మొదలుపెట్టి నడిమి ముల్లుకి అటొక చెక్క, ఇటొక చెక్క లాగేసింది.

పిల్లల కోసమైతే పొట్ట ముక్కలు విడిగా పెట్టించుకోండి. పంగల ముళ్లు ఉండేది వీపు వైపు, తోక వైపు. పొట్ట చుట్టూ ఉండేవి పక్కటెముకలు మాత్రమే. అవి పొడుగ్గా, లావుగా కంటికి కనిపిస్తాయి, ఉడికాక పట్టి లాగితే సాఫీగా వచ్చేస్తాయి. మీ తొమ్మిదేళ్ల పిల్లకి తీసుకోవడం నేర్పండి, ఆరేళ్లవాడికి మీరే తీసి పెట్టండి. చేప కూడా పెద్దది చూసుకోండి. మూడు కిలోల చేప ముల్లు పుల్లంత ఉంటుంది, దొరికిపోతుంది. కిలో లోపు చేప ముల్లు వెంట్రుకలా ఉంటుంది.

వీపు ముక్కలున్నాయి కదా, వాటికి చిమ్టా కంటే ఆవిరి మేలు. ఉప్పు పసుపు రాసి ఇడ్లీ పాత్రలో పది పన్నెండు నిమిషాలు ఉడికించండి. చల్లారాక కండ దానంతటదే పొరలు పొరలుగా విడుస్తుంది. ముళ్లు ఆ పొరల మధ్యే ఉంటాయి కాబట్టి పచ్చి చేపలో మొరాయించినవి కూడా వేళ్లతో వచ్చేస్తాయి. తెల్ల పింగాణీ పళ్లెంలో చేయకండి, తెల్లటి ముల్లు కనపడదు. నల్లటి నాన్‌స్టిక్ పెనం చల్లారబెట్టి దాని మీద చేయండి. ప్రతి చిటికెడూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. ఆ పొడితో పిట్టు చేసుకోండి, కట్లెట్ చేసుకోండి. మా మావయ్య ఆఖరి నాలుగేళ్లూ తిన్నది ఇలాగే. పులుసు విడిగా కాచి, అందులో ఈ పొడి కలిపి ఒక్క ఉడుకు రానిచ్చేదాన్ని. "ఇది పులుసా, ఉప్మానా" అని రోజూ వెటకారమే, గిన్నె మాత్రం ఖాళీ.

మిక్సీలో వేస్తే ముళ్లు నలిగిపోతాయి కదా అని అడిగేవాళ్లున్నారు. నలగవు, ముక్కలవుతాయి. సూదులు చేసి పెట్టినట్టే. అదీ నేను చేసి చూసిన తప్పే.

వేపుడుకి మాత్రం ఒక కిటుకు ఉంది. చెక్కని తోలు కిందికి వచ్చేలా పరిచి, బాగా పదునున్న కత్తితో మూడు మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున గాట్లు పెట్టుకుంటూ పోవాలి. తోలు తెగకూడదు. కోస్తుంటే సన్నగా కిరకిరమని చప్పుడు వస్తుంది, అది ముల్లు తెగే చప్పుడు. అలా తునకలైన ముళ్లు కాగిన నూనెలో కరకరలాడిపోతాయి, నోటికి తగలవు. హంగరీ దేశంలో కూడా కార్పు చేపని ఇలాగే గాట్లు పెట్టి వేయిస్తారు. పెద్దవాళ్లకి ఇది భేషైన పద్ధతి. ఆరేళ్ల పిల్లవాడికి మాత్రం దీన్ని నమ్మి ఇవ్వకండి. పులుసులో ఇది పనికిరాదు, అక్కడ ముల్లు కరకరలాడదు, మెత్తబడదు. చింతపండు పులుపుకి ముల్లు కరిగిపోతుందనే మాట కూడా నమ్మకండి. అరగంట పులుసుకి కరిగేదైతే మా మావయ్య రెండుసార్లు ఆస్పత్రికి ఎందుకు వెళ్తారు?

ఇంత చెప్పాక కూడా చిమ్టా కావాలంటే, కొనండి, సముద్రం చేపలకి పనికొస్తుంది. కానాగంతల్లో, పండుగప్పలో చెక్క తీశాక మధ్య గీత వెంట తల వైపు నుంచి సగం దాకా ఒక వరస ముళ్లు ఉంటాయి. కానాగంతకి చిమ్టా చాలు. పండుగప్పది మాత్రం కండ గట్టిగా పట్టుకుని ఉంటుంది. లాగితే చిరుగుతోంది అనిపిస్తే ఆ వరసకి అటూ ఇటూ రెండు గాట్లు పెట్టి సన్నటి పట్టీలా కోసి తీసేయండి. పట్టీ పులుసులో పడేస్తే రుచి ఎక్కడికీ పోదు. చందువాకి నడిమి ముల్లు తప్ప పెద్దగా బెడదే లేదు. కోనాం ముక్కలకీ అంతే, తింటూ తీసుకోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సింది ధర కాదు, కొస. రెండు కొసల్నీ కలిపి వెలుతురుకి పెట్టి చూడండి. మధ్యలోంచి వెలుగు వస్తే అక్కడే పెట్టేయండి. కొస వెడల్పుగా, మీ చిటికెనవేలి గోరంత ఉండాలి, బల్లపరుపుగా ఉండాలి. సూదికొస చిమ్టా ముల్లుని కోసేస్తుంది. షాపులోనే మీ తల వెంట్రుక ఒకటి బల్ల మీద పెట్టి పట్టి చూడండి. జారకుండా లేపితే అది మీది. నొక్కడానికి మరీ బిగువుగా ఉన్నది వద్దు, పదో ముల్లుకే బొటనవేలు నొప్పెడుతుంది. లోపల లోతైన గాళ్లు ఉన్నది అసలే వద్దు, చేప కండ అందులో ఇరుక్కుని వాసనొస్తుంది. ఆన్‌లైన్‌లో ఈ పరీక్షలేవీ చేయలేం, అందుకే నేను దుకాణానికి వెళ్లి కొనమంటాను. అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలని కొందరంటారు. అది నిజం కాదు. కత్తులకి వాడే మంచి స్టెయిన్‌లెస్ స్టీలుకి కూడా అయస్కాంతం అంటుకుంటుంది.

వాడేటప్పుడు చెక్కని బోర్లించిన గిన్నె మీద పరవండి. వంపుకి ముళ్ల కొసలు పైకి లేస్తాయి. వేలితో నిమిరితే తగులుతాయి. ముల్లు ఎటు వాలి ఉందో అటే, అంటే తల వైపుకే, ఏటవాలుగా లాగండి. నిట్టనిలువునా లాగితే కండ లేచిపోతుంది. రెండో చేతి వేళ్లతో ముల్లు పక్క కండని అదిమి పట్టుకోండి. పక్కన ఒక గిన్నెడు నీళ్లు పెట్టుకుని అందులో చిమ్టా ముంచితే అంటుకున్న ముల్లు ఊడిపోతుంది. లేకపోతే ప్రతి ముల్లునీ చీర కొంగుకి తుడుస్తూ కూర్చుంటారు, నాలాగ.

ప్రశ్న: మా ఆయన టూల్ బాక్సులో నోస్ ప్లయర్ ఉంది. దాంతో తీస్తే సరిపోదా? విడిగా కొనడం ఎందుకు?
– రాజాం

జవాబు: పట్టు మాత్రం దానిదే గట్టిది తల్లీ, నిజం చెప్పాలంటే చిమ్టా కంటే మేలు. కానీ ఆ ప్లయర్ ఇంతకుముందు ఏం పట్టుకుందో మీ ఆయన్ని అడగండి. కీలులో గ్రీజు ఉంటుంది, సబ్బుకి పోదు. పై పూత లేచిన చోట తుప్పు ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుది, కొస వంపు తిరిగినది కొత్తగా కొని వంటింట్లోనే ఉంచుకోగలిగితే సరే. ఉంచుకోగలరా? మా ఇంట్లో అయితే మూడో రోజే ఫ్యాను రెగ్యులేటర్ దగ్గర తేలింది.

ప్రశ్న: మాది బూడితి దగ్గర ఊరు. మా పక్కన ఇత్తడి పని చేసేవాళ్లున్నారు. ఇత్తడితో ముళ్లు తీసే శ్రావణం చేయించుకోవచ్చా? చాలాకాలం మన్నుతుందని నా ఆశ.
– సారవకోట మండలం

జవాబు: శ్రావణం అన్న మాట విని ఎన్నాళ్లయిందో! చిమ్టా అని రాస్తున్నందుకు సిగ్గేసింది. బూడితి ఇత్తడి, కంచు సామాను పనితనానికి నేను వంక పెట్టను, భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. మా పెళ్లి బిందె అక్కడిదే. అయినా ఈ పనికి ఇత్తడి వద్దండీ. స్టీలుతో పోలిస్తే ఇత్తడి మెత్తన, పది చేపలు చేసేసరికి కొస వంగి వెలుతురు కనపడుతుంది. రెండోది, చేప దగ్గర ఉప్పు, నిమ్మకాయ ఉంటాయి. కళాయి లేని ఇత్తడికి ఆ రెండూ తగిలితే చిలుము పడుతుంది. వాళ్ల చేత చేయించుకోవాలని ఉంటే పులుసు వడ్డించే గరిటె కళాయి పోయించి చేయించుకోండి. శ్రావణం మాత్రం స్టీలుదే, బంగారం పని చేసే వాళ్ల సామాను అమ్మే కొట్టులో అడగండి. వెడల్పు కొసవి కూడా ఉంటాయి.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం మీద శ్రీకాకుళం వచ్చాను. ఒక్కణ్ణే వండుకుంటాను. చేప చెక్కలు నేనే తీసుకోవాలని ఉంది. ఏ కత్తి కొనాలి? సంతలో కమ్మరి చేసిన కత్తులు చవగ్గా ఉన్నాయి.
– ఏడురోడ్ల కూడలి దగ్గర్నుంచి

జవాబు: బాబూ, సంతలో కత్తి కొనుక్కో, తల కొట్టడానికి. లారీ కమాను పట్టీతో సాగదీసిన ఇనుము అది, పదును బాగా నిలబడుతుంది, దెబ్బకి ఆగుతుంది. వాడాక తుడిచి ఒక చుక్క నూనె రాయకపోతే తెల్లారేసరికి ఎర్రబడుతుంది, అంతే. కానీ చెక్క తీయడానికి అది పనికిరాదు, వంగదు. నడిమి ముల్లుని ఒరుసుకుంటూ పోవాలంటే సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగే ఆకు ఉండాలి. ఆరు ఏడు అంగుళాలు చాలు. పిడి తడి చేతికి జారకూడదు. మొదటి నెల రోజులూ నడిమి ముల్లుతో పాటు సగం కండ వదిలేస్తావు. దాన్ని పారేయకు, పులుసులో వెయ్యి. నేర్చుకోవడానికి కానాగంతలు కొను, చవక, పాడైనా బాధ ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను పడవలకి సముద్రంలో వేట ఉండదు. ఆ 61 రోజులూ బజారులో ఎక్కువగా చెరువు చేపలే కనపడతాయి, అప్పుడు కత్తి సాన పట్టించుకుని కూర్చో. కత్తిపీట జోలికి మాత్రం వెళ్లకు. అది చిన్నప్పటి నుంచీ చెయ్యి తిరిగినవాళ్ల పని, చేపని కదిపి కోస్తారు దాని మీద, కత్తిని కాదు. మాది కళింగపట్నం వైపు, మా అమ్మ కళ్లు మూసుకుని కోసేది. నేను ఇప్పటికీ దాని మీద వంకాయలే కోస్తాను.

చేప జారుతుందని అడగబోతావు కాబట్టి ముందే చెప్తున్నా. మా అమ్మ పిడికెడు బూడిద రాసేది. నీకు ఫ్లాట్‌లో బూడిద ఎక్కడిది, రాళ్లుప్పు రాసుకో.

ప్రశ్న: కవళ్లు కూడా చెక్క తీసి ముళ్లు తీయొచ్చా? దానికి చిన్న సైజు చిమ్టా ఉంటుందా?
– భోగాపురం

జవాబు: కవళ్లకి పరికరం మీ బొటనవేలు. తల తుంచి, పొట్ట చీల్చి కడిగాక, గోరు నడిమి ముల్లుకి ఆనించి తల వైపు నుంచి తోక దాకా తోసుకుంటూ పోండి. చేప పుస్తకంలా తెరుచుకుంటుంది. నడిమి ముల్లు తల వైపు పట్టి మెల్లగా లేపితే పక్క ముళ్లలో చాలా మటుకు దానితోనే లేచి వస్తాయి. మిగిలినవి వెంట్రుకల్లాంటివి, వేయిస్తే తెలియవు. నెత్తళ్లకి అదీ అక్కర్లేదు, ముళ్లతోనే తినాలి.

ఒక్క జాగ్రత్త. కవళ్లు, కానాగంతలు, సూర చేప, ఈ మూడూ వేడికి ఆగవు. ముళ్లు తీస్తూ గంటసేపు గట్టు మీద వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. తిన్నాక ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఒకసారి పెరిగాక ఎంత ఉడికించినా పోదు. ఐస్ ముక్కలు పోసిన పళ్లెం మీద మిగతావి ఉంచి, నాలుగేసి తీసుకుని పని చేసుకోండి. చల్లగా ఉంటే కండ బిగిసి ముళ్లు కూడా సులువుగా వస్తాయి.

ప్రశ్న: కరెంటుతో పనిచేసే ముళ్లు తీసే మెషిన్ ఉందట. మా బాబు కొంటానంటున్నాడు. కొనమంటారా?
– గజపతినగరం

జవాబు: వద్దు. రోలరు తిరుగుతూ ముళ్లని పట్టి లాగేస్తుంది, నిజమే. అదీ సాల్మన్ చెక్కలు వందల కొద్దీ తయారు చేసే ఫ్యాక్టరీల కోసం. మన శీలావతి మీద పెడితే పంగల ముల్లు పంగల ముల్లే. ఆ డబ్బుకి కొర్రమేను కొనుక్కోండి. దానికి నడిమి ముల్లు, పక్క ముళ్లే గానీ ఈ సన్న ముళ్ల తంటా లేదు. పంగస్ చేపకీ, తిలాపియాకీ కూడా పంగల ముళ్లుండవు. రుచి సంగతి అడిగితే మాత్రం పంగస్ గురించి నేను మాట్లాడను. సొరచేపకి ముల్లే లేదు, ఉన్నదంతా మెత్తెముక. అయితే పెద్ద సొరల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి గర్భిణులకీ, పసిపిల్లలకీ పెట్టకపోవడమే మంచిది. బాలింతలకి సొరపిట్టు పెట్టాలని మా అత్తగారు పట్టుబట్టేవారు, నేను కొర్రమేనుతో చేసి సొర అని చెప్పి పెట్టాను. ఇద్దరం బాగున్నాం.

ప్రశ్న: గొంతులో ముల్లు దిగితే అన్నం ముద్ద మింగమంటారు, అరటిపండు తినమంటారు. ఏది మంచిది? మా అమ్మకి కూడా పళ్లసెట్టు ఉంది.
– బొబ్బిలి

జవాబు: రెండూ వద్దు. నేనూ చిన్నప్పుడు ఎన్ని ముద్దలు మింగానో. చిన్న ముల్లయితే దానంతటదే పోతుంది, ముద్ద వల్ల పోయిందనుకుంటాం. గట్టిగా దిగిన ముల్లయితే ముద్ద దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. వేలు పెట్టి కెలకడం, నిమ్మరసం, వెనిగర్ తాగించడం కూడా వద్దు. గుచ్చుకున్నట్టే ఉంటే ఆ రోజే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించండి. ఉమ్మి కూడా మింగలేకపోతున్నా, రక్తం వచ్చినా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఊపిరికి ఇబ్బందైనా రాత్రయినా సరే ఆగకూడదు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు కాబట్టి ముల్లు లేదని ఇంటికి వచ్చేయకండి. చేప ముళ్లు చాలాసార్లు ఎక్స్‌రేకి దొరకవు. మా మావయ్యకి మొదటిసారి అలాగే జరిగింది. మర్నాడు వేరే డాక్టరు లోపల అద్దం పెట్టి చూసి, నాలుక మొదట్లోంచి తీశారు. గోరంత ముల్లు.

అమ్మగారికి పై పద్ధతిలో ఆవిరి పట్టి పొడి చేసి పెట్టండి. మొదటి రోజు కోప్పడతారు.

ప్రశ్న: ఇన్ని చెప్తారు గదా, మీ ఇంట్లో ఉన్న చిమ్టా ఏది?
– పేరు, ఊరు రాయలేదు

జవాబు: రెండున్నాయి. మొదట కొన్న మెరుపు చిమ్టా ఇప్పుడు పూజ గదిలో వత్తులు ఎగదోయడానికి పనికొస్తోంది. రెండోది మా వీధిలో బంగారం పని చేసే ఆయన తన పాత సామానులోంచి తీసి ఇచ్చిన స్టీలు శ్రావణం. కొస కొంచెం అరిగితే ఆయనే రాయి మీద రుద్ది సమం చేసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు, ఆదివారం నాలుగు కోనాం ముక్కలు పంపమన్నారు. వంటింట్లో ఉప్పు జాడీ పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఈ జవాబు రాస్తూ చూస్తే మేకు ఖాళీగా ఉంది. మనవడు కాల్లో తుమ్మముల్లు దిగిందని పట్టుకుపోయాడట. తిరిగొచ్చాక మరిగే నీళ్లలో వేయాలి.